ఇప్పించ ప్రార్థన

మార్కాపురంలో ఎవరికైనా కష్టమొస్తే ముందు దేవుడికి చెప్పుకునేవాళ్ళు, తరువాత ఉమామహేశ్వర్లుకు చెప్పుకునేవాళ్ళు. దేవుడు విన్నాడో లేదో ఎవరికీ తెలియదు. ఉమామహేశ్వర్లు మాత్రం విని, నాలుగు పేజీలకు తక్కువ కాకుండా రాసిపెట్టేవాడు.

తాలూకాఫీసుకు ఎదురుగా, జిరాక్సు దుకాణం రేకుల నీడలో ఆయన బల్ల. మండలాలు వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా జనం ఆ కచేరీని తాలూకాఫీసనే అనేవాళ్ళు. పొద్దున తొమ్మిదికి ఎండ వీధి దాటి ఆయన పాదాల దగ్గరికి వచ్చి ఆగేది. గాలిలో పలకరాయి ధూళి సన్నగా, వెండి పొడిలాగా తేలుతూ ఉండేది. ఆ ధూళి ఆయన ఇంటిదే. అన్నదమ్ములది పలకల వ్యాపారం. రాయిని పొరలుగా చీల్చి, నునుపుచేసి, చెక్క చట్రం బిగించి దేశం మీదికి పంపే దుకాణంలో కూర్చుంటే ఈయనొక్కడికే నిద్ర వచ్చేది.

ఆ నిద్ర తేలింది 1970లో. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు నుంచి విడిపోయి ఒంగోలు కిందికి వచ్చిన ఏడాది అది. "కర్నూలు జిల్లా కలెక్టరుగారికి" అని రాసుకొచ్చిన అర్జీలను గుమాస్తాలు తిప్పి పంపుతుంటే, పల్లెల జనం మెట్ల మీద దిక్కులు చూస్తూ నిలబడేవాళ్ళు. ఇరవై మూడేళ్ళ ఉమామహేశ్వర్లు ఒకరోజు ఒక ముసలాయన చేతిలోని కాగితం తీసుకుని కర్నూలు కొట్టేసి ఒంగోలు అని దిద్ది ఇచ్చాడు. రెండేళ్ళకు జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు. ఒంగోలు కొట్టేసి ప్రకాశం అని దిద్దాడు. అట్లా జిల్లా పేరు దిద్దడానికి కూర్చున్న మనిషి ముప్పై ఏడేళ్ళు లేవలేదు.

ఆయన అర్జీకి ఒక నడక ఉంది. మొదటి పేజీలో అధికారిగారి ధర్మగుణం. రెండో పేజీలో అర్జీదారుడి తాత ముత్తాతలు. మూడో పేజీలో కన్నీళ్ళు. నాలుగో పేజీలో కోరిక. చివరి మాట ఎప్పుడూ ఒకటే: ఇప్పించ ప్రార్థన. పింఛనైనా, బోరుబావైనా, కులం సర్టిఫికెట్టైనా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కలం కూడా కొంచెం నడుము వంచేది. ఒక తహసీల్దారు ఈయన అర్జీ చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. పలకల ధూళికి తుడుచుకున్నాడులే అని గిట్టనివాళ్ళు అనేవాళ్ళు.

2007 వేసవిలో, ఒక మంగళవారం, ఈతలవాగుపల్లె నుంచి మగ్దలీనమ్మ వచ్చింది. అరవైకి దగ్గర పడిన మనిషి. మిరప కోతలకు, కంది కోతలకు పోయి పోయి చేతులు ఎండిన కంది కట్టెల్లాగా ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"శెట్టన్నా, ఒక కాయితం కావాల."

"ఏం కాయితమమ్మా?"

"మా బొందలగడ్డ కాయితం."

ఈతలవాగుపల్లెలో నలభై క్రైస్తవ కుటుంబాలు. ఊరికి పడమట, కొండ నీడ సాయంత్రం ముందుగా వాలే చోట, వాళ్ళ చనిపోయినవాళ్ళ నేల. మగ్దలీనమ్మ తల్లి అక్కడే, అత్తమామలు అక్కడే, తట్టు సోకి పోయిన నాలుగేళ్ళ కూతురూ అక్కడే. దాన్ని ఆనుకుని ప్రభాకరరావు పొలం. తన తండ్రి కొన్న చేనులో అదీ ఒక ముక్కేనని ఈ ఏడు కొత్తగా అంటున్నాడు. తొలకరి పడగానే దున్ని జామాయిలు మొక్కలు పెడతానని రాతి కంబాలు తెచ్చి దించాడు.

"కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడే కచేరీలో రాసుకున్నారని మా నాయన చెప్పేవాడు," అంది మగ్దలీనమ్మ. "ఆ రాసుకున్నది మాకు చూపిస్తే చాలు. మొన్న సంఘంలో మీటింగు పెట్టి చెప్పినారు. కొత్త చట్టమంట. సర్కారు దగ్గరున్న కాయితం ఎవరైనా అడగొచ్చంట."

"తెలుసులేమ్మా. సమాచార హక్కు చట్టం. వచ్చి రెండేళ్ళు కావస్తాంది. అంతకుముందు నకలు కావాలంటే నీకేం సంబంధం, నువ్వెవరు అని తరిమేవాళ్ళు." ఉమామహేశ్వర్లు కలం మూత తీశాడు. "చట్టం కొత్తదైతే ఏంది, రాసే చెయ్యి పాతదే గదా. నువ్వు దిగులుపడొద్దు."

"నాకు దిగులు లేదన్నా. మా ఇంటాయనకే తొందర. రాళ్ళ గనిలో చేసి చేసి రొమ్ము పాడైంది. మంచంలో పడుకుని నన్ను యాడ పెడతారే అని పొద్దుకు నాలుగుసార్లు అడుగుతాడు."

ఉమామహేశ్వర్లు రాశాడు. ఆరోజు చెయ్యి మంచి ఊపు మీద ఉంది. కొండ నీడను రాశాడు, నాలుగేళ్ళ పాపను రాశాడు, ఆమె భర్త అబ్రహాము దగ్గును రాశాడు. బొందలగడ్డ అనే మాట అధికారుల చెవికి మోటుగా తగులుతుందని శ్మశానవాటిక అని రాశాడు. చివర్లో ఇట్లా ముగించాడు: "కావున దయార్ద్ర హృదయులైన తమరు మాయందు కరుణించి మా శ్మశానవాటికను, తత్సంబంధమైన కాగితములను ఇప్పించ ప్రార్థన."

పైకి చదివి వినిపించాడు. మగ్దలీనమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"శానా బాగుందన్నా. నాకే ఏడుపొస్తాంది. మరి కాయితం అడిగినట్టు లేదే?"

"అడిగినా కదమ్మా, చివర్లో."

"ఓ... అది చివర్లో ఉంటాదా?" అని వేలిముద్ర వేయడానికి సిరా బిళ్ళ కోసం బల్ల మీద వెతికి, తనకు సంతకం వచ్చునని గుర్తుకొచ్చి, కలం తీసుకుని బైబిల్లో అక్షరాల్లాగా విడివిడిగా పేరు రాసింది. తెల్లకార్డు జిరాక్సు జతచేశారు గనుక రుసుము కూడా పడలేదు.

ఇరవై తొమ్మిదో రోజు జవాబు వచ్చింది. మగ్దలీనమ్మ దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, ఈసారి అడక్కుండానే కూర్చుంది. ఉమామహేశ్వర్లు చదివాడు. మళ్ళీ చదివాడు. "సదరు గ్రామమున క్రైస్తవ శ్మశానవాటిక అనునది రికార్డుల ప్రకారము లేదు. శ్మశానవాటిక ఇప్పించవలసినదిగా మీరు కోరియున్నందున, నూతన స్థల మంజూరు కొరకు మీ అర్జీ విచారణలో ఉన్నది."

"విచారణకు మనిషి వచ్చినాడు," అంది మగ్దలీనమ్మ. "మా ఇంటికి కాదు, ప్రభాకరరావు ఇంటికి. కాఫీ తాగి పోయినాడు. పొద్దుగూకినాక ప్రభాకరరావు మా వీధిలోకొచ్చి నిలబడి అందరూ వినేటట్టు ఏమన్నాడో తెలుసునా? 'ఏమ్మా, మీకు శ్మశానం ఇప్పించమని మీరే అర్జీ పెట్టుకున్నారంట గదా. ఉన్నదాన్ని ఎవరైనా ఇప్పించమంటారా? లేదు కాబట్టే గదా అడిగినారు! ఇస్తారులే, ఇంకో చోట.' అని. తెల్లారి కంబాలు పాతినాడు. తీగ ఒక్కటే చుట్టాల."

ఉమామహేశ్వర్లు తన చివరి వాక్యాన్ని మనసులో తెరిచి చూసుకున్నాడు. శ్మశానవాటికను, కాగితములను. ఆ రెండింటి మధ్య ఒక చిన్న కామా గీత. ఆ గీత మీదుగా ప్రభాకరరావు ఎద్దులు తోలుకుని లోపలికి వచ్చేశాడు.

"నాదే తప్పమ్మా," అన్నాడు. ముప్పై ఏడేళ్ళలో ఆ బల్ల దగ్గర ఆ మాట అనడం అదే మొదలు.

"తప్పని నేననలేదు. వానలింకా రాలేదు గదా. దిద్దన్నా," అని మగ్దలీనమ్మ లేచి బస్సుకు పోయింది.

సాయంత్రం ఇంట్లో అరుగు మీద కూర్చుని జరిగింది చెబితే ఆయన భార్య రాజ్యలక్ష్మి బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది.

"ఏమండీ, నేను అంగడికి పోయి ఉప్పు ప్యాకెట్టు అడగాలంటే ఏమని అడగాల? మీ లెక్కన, 'ధర్మప్రభువులైన శెట్టిగారూ, మా మామగారు ఉప్పులేని కూర తిని కన్నీరు కార్చుచున్నారు' అని మొదలుపెట్టాల్నా?"

"ఎగతాళి చెయ్యొద్దు."

"ఎగతాళి కాదు. ఉప్పు నా ఇంటిదైతే డబ్బా మూత తీసి తీసుకుంటాను. ప్రార్థన ఎవరికి చెయ్యాల?"

ఆయన లోపలికి పోయి సంచి తెచ్చుకున్నాడు. జిరాక్సు దుకాణంలో తెచ్చుకుని, మొదటి పేజీ మాత్రమే చదివి సంచిలో పడేసిన చట్టం పుస్తకం తీశాడు. పలచటి పుస్తకం. అరుగు మీద వెలుతురు ఉండగానే సగం దాకా వచ్చాడు. ఒక చోట వేలు ఆగిపోయింది. సమాచారం అడిగేవాళ్ళు ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పవలసిన పని లేదు. చిన్న వాక్యం. విశేషణం ఒక్కటి కూడా లేదు. ఆయన బతుకంతా కారణాలు రాసినవాడు. కారణం ఎంత తడిగా ఉంటే కోరిక అంత తొందరగా మొలుస్తుందని నమ్మినవాడు. ఎవరో ఢిల్లీలో కూర్చుని, ఇట్లాంటి వాక్యం ఒకటి రాసి, కోట్ల మంది వంగిన నడుములను ఒక్కసారిగా నిలబెట్టారు. చదువుతుంటే ఆయనకు కొంచెం కోపం వచ్చింది, కొంచెం అసూయ కూడా వచ్చింది. ఎంత బాగా రాశాడు, ఎవడో గాని!

మరుసటి రోజు పొద్దున బల్ల తెరవలేదు. ఆటో ఎక్కి ఈతలవాగుపల్లె పోయాడు. అర్జీదారుల ఇంటికి తానే పోవడం ఆయన ఎరగడు.

అబ్రహాము వేపచెట్టు కింద నులకమంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని ఆనుకుని ఉన్నాడు. ఊపిరి తీస్తుంటే లోపల ఎవరో పలక మీద బలపంతో గీస్తున్నట్టు చప్పుడు. కళ్ళు మాత్రం కొంటెగా ఉన్నాయి.

"రా శెట్టీ. నా గురించి నాలుగు పేజీలు రాసినావంట. నా పెళ్ళికి కూడా నన్ను అంత పొగడలేదు."

"ఈసారి నీ ఊసే ఉండదు బావా," అన్నాడు ఉమామహేశ్వర్లు మంచం పట్టె మీద కూర్చుంటూ.

"అన్యాయం! దగ్గు కూడా రాయవా?"

"దగ్గు కూడా రాయను."

మగ్దలీనమ్మ నీళ్ళ చెంబు ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఉమామహేశ్వర్లు తెల్లకాగితం తొడ మీద పరిచాడు. "నువ్వు చెప్పమ్మా. నీకేం కావాలో నీ నోటితోనే చెప్పు. నేను రాస్తాను."

"కచేరీలో మా బొందలగడ్డ గురించి రాసుకున్న పుస్తకాలు నాకు చూపించాల. నా కళ్ళతో చూస్తా. చూసిన పేజీ నకలు కావాల. అంతే."

ఆయన రాశాడు. ఒక చోట కలం మళ్ళీ పాత దారి పట్టింది.

"శ్మశానవాటిక అంటున్నావా మళ్ళీ?" అంది ఆమె, తలకిందులుగా ఉన్న అక్షరాలు కూడబలుక్కుని.

"మర్యాదగా ఉంటుందని..."

"మా నాయన ఎప్పుడూ ఆ మాట అన్లేదు. మా వీధిలో ఎవురూ అన్లేదు. ఆ పొద్దు కచేరీ మనిషి వచ్చి, ఇదేందిరా అని అడిగింటాడు. మావోళ్ళు బొందలగడ్డ సామీ అని చెప్పింటారు. ఆయన అట్లనే రాసుకోనుంటాడు. వాటిక అని ఎట్ల రాసుకుంటాడు?"

ఉమామహేశ్వర్లు ఆమెను చూశాడు. కచేరీ గోడ ఎదురుగా ఇన్నేళ్ళు కూర్చున్న తనకు తట్టని సంగతి అది. మాట కొట్టేసి బొందలగడ్డ అని దిద్దాడు. దరఖాస్తు మొత్తం అయిదు పంక్తులు. ఆమె చదువుకుంది, వెనక్కి తిప్పి చూసింది.

"ప్రార్థన యాడుంది?"

"లేదు."

"మంచిది. అది మేం ఆదివారం చేసుకుంటాంలే."

అబ్రహాము నవ్వబోయి దగ్గాడు. మగ్దలీనమ్మ లేచి ఆయన వీపు నిమిరింది.

తాలూకాఫీసులో దరఖాస్తులు తీసుకునే గుమాస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఏంది శెట్టిగారూ, తొందరలో సగమే రాసినారా? పై మూడు పేజీలు యాడబోయినాయి? కారణం యాది?"

"కారణం అడిగే పని నీకు లేదు నాయనా."

"అబ్బో! సరే, బొందలగడ్డ అంటే పాత రికార్డు చూడాల. అవి కర్నూల్లో ఉన్నాయో, ఒంగోల్లో ఉన్నాయో. ముందు అక్కడికి పోయి కనుక్కోండి."

"యాడుంటే ఆడికి మీరే పంపాల, అయిదు రోజుల్లో," అంది మగ్దలీనమ్మ. దారిలో ఉమామహేశ్వర్లు చెప్పిన మాటే. కానీ ఆయన నోట కంటే ఆమె నోట అది గట్టిగా పలికింది. "పంపి మాకు రాసి చెప్పాల. మేం పోము. ముందు ఇది ముట్టినట్టు రాసి సంతకం పెట్టియ్యి."

గుమాస్తా సంతకం పెట్టి ఇచ్చాడు.

మొదటి వాన పడింది. ప్రభాకరరావు తీగ చుట్ట తెప్పించాడని, అంచున నాలుగు చాళ్ళు దున్నాడని కబురొచ్చింది. ఉమామహేశ్వర్లు బల్ల దగ్గర కూర్చున్నా చెవి వీధి మీదే ఉండేది. మేఘం నల్లమల మీద నుంచి దిగి వస్తుంటే అందరూ చల్లగా ఉందన్నారు. ఆయన ఒక్కడే ఇంకో వారం ఆగవే అని మొక్కుకున్నాడు. పద్నాలుగో రోజు ఉత్తరం వచ్చింది. గురువారం పదకొండు గంటలకు వచ్చి రిజిస్టర్లు చూసుకోవచ్చని డిప్యూటీ తహసీల్దారు హైమావతి సంతకం చేసింది.

హైమావతి కనిగిరి మనిషి. నలభై ఏళ్ళుంటాయి, మాట తక్కువ. రికార్డుల గదిలో కిటికీ పక్కన బల్ల వేయించి, ఇద్దరినీ కూర్చోబెట్టి, ముందు కొత్త రిజిస్టరు తెరిపించింది. సర్వే నంబరు 187లో మూడో భాగం దగ్గర 'పోరంబోకు' అని ఒక్క మాట, పక్క గడి ఖాళీ. సర్కారు నేల అని తెలుస్తుంది, ఎవరి కోసమో తెలియదు. ఆ ఖాళీలోనే ప్రభాకరరావు జామాయిలు తోట మొలవబోతున్నది.

"ఇంకా పాతది," అంది మగ్దలీనమ్మ.

ఎర్రగుడ్డ మూట విప్పారు. అట్ట మీద కర్నూలు జిల్లా, మార్కాపురం తాలూకా అని ఉంది. కాగితాలు ఎండుటాకుల రంగుకు తిరిగాయి. సిరా ఊదాగా మారి, సాయంత్రపు కొండలాగా ఉంది. హైమావతి నంబరున్న పేజీ తీసి పెట్టింది. ఉమామహేశ్వర్లు ముందుకు వంగబోయి, ఆగి, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. చూస్తానన్నది ఆమె.

మగ్దలీనమ్మకు అచ్చు అక్షరాలే అలవాటు. గొలుసుకట్టు రాతలో వేలు మెల్లగా, తడబడుతూ దిగింది. ఒక చోట నిలిచింది.

"బొం... ద... ల..." అంది.  వేలు కదిలి గడి చివరిదాకా పోయింది.

బొందలగడ్డ, కిరస్తానులు. ఒక ఎకరా నలభై సెంట్లు.

"మావాళ్ళు శ్మశానవాటిక అనే పేరుతో వెతికినారమ్మా," అంది హైమావతి. "ఆ పేరుతో ఎన్నేళ్ళు వెతికినా దొరకదు." గుమాస్తాను పిలిచి నకలు తీయించి, ముద్రవేసి సంతకం చేసింది. హద్దులు కొలిపించమని మండల సర్వేయరుకు అక్కడే రాసింది.

శనివారం కొలత. సర్వేయరు గొలుసు లాగుతుంటే పల్లె పల్లెంతా గట్టు మీద నిలబడింది. అబ్రహామును మంచంతో సహా నలుగురు మోసుకొచ్చి గట్టు మీద దించారు. ప్రభాకరరావు గొడుగు కింద నిలబడి నకలును రెండుసార్లు చదివాడు. ముద్రను గోటితో గీరి చూశాడు.

"బొందలగడ్డ అని సర్కారు రాస్తాదా ఎక్కడైనా?" అన్నాడు.

"రాసింది కదన్నా," అంది మగ్దలీనమ్మ.

ఎకరా నలభై సెంట్లు అందరూ అనుకున్నదానికంటే పెద్దది. గొలుసు రాతి కంబాలు దాటింది, దున్నిన చాలు దాటింది, ప్రభాకరరావు మోటారు షెడ్డు దాకా పోయి, షెడ్డు గోడను కూడా లోపల పెట్టుకుని ఆగింది. సర్వేయరు లెక్క మళ్ళీ చూసుకుని తల ఊపాడు. గట్టు మీద గొణుగుడు మొదలైంది. వయసు కుర్రాళ్ళు ఇద్దరు గడ్డపారలు తీసుకున్నారు.

ప్రభాకరరావు గొడుగు మూశాడు. మగ్దలీనమ్మ వైపు కాకుండా ఉమామహేశ్వర్లు దగ్గరికి వచ్చాడు.

"శెట్టిగారూ, కంబాలు పీకేస్తాలే. ఆ షెడ్డు మాత్రం... బోరు దాంట్లోనే ఉంది. కంది పెట్టినాను, దానికి నీళ్ళు అదే. మా పిల్లలు ఆ పంట మీద ఆశ పెట్టుకున్నారు. మా నాయన చేతులతో కట్టిన షెడ్డు. మీరు కొంచెం చెప్పి..."

ఉమామహేశ్వర్లు విన్నాడు. పిల్లలు వచ్చారు, నాయన వచ్చాడు, ఇక రావలసింది చివరి మాట ఒక్కటే. ఆ నడక ఆయనకు తన అరచేతిలా తెలుసు.

"నన్నడిగితే ఏం లాభం? నేల ఆమెది. నీకేం కావాలో ఒక్క మాటలో ఆమెనే అడుగు," అన్నాడు.

ప్రభాకరరావు చెప్పులు బురదలో కొంచెంసేపు అట్లాగే ఉండిపోయాయి. తరువాత కదిలాయి.

"మగ్దలీనమ్మా, షెడ్డు ఉండనియ్యి."

 కొలిచిన నేలంతా ఆమె ఒకసారి చూసింది. వాన నీళ్ళు నిలిచిన గుంటల్లో మబ్బులు తెల్లగా కదులుతున్నాయి. పాత మట్టిదిబ్బలు కొన్ని కంబాలకు అవతల, దున్నిన చాళ్ళ పక్కన ఉన్నాయి.

"కంది కోసేదాకా ఉండనీ," అంది. "కోసినాక షెడ్డు నీ చేన్లోకి మార్చుకో. ఇప్పుడు దున్నిన చాళ్ళు మాత్రం నువ్వే చదును చెయ్యాల, ఈ పొద్దే."

"ఈ పొద్దే," అన్నాడు ప్రభాకరరావు.

కుర్రాళ్ళు గడ్డపారలు షెడ్డు వైపు నుంచి తిప్పి హద్దు రాయి కోసం గుంట తవ్వడం మొదలుపెట్టారు. మంచం మీద నుంచి అబ్రహాము చెయ్యెత్తి, ఇంకొంచెం లోతు, ఇంకొంచెం లోతు అని చెబుతున్నాడు. రాళ్ళ గనిలో మేస్త్రీగా చేసినవాడి గొంతు, ఊపిరి అందకపోయినా, వానకు తడిసిన ఆ నేలంతటా వినిపించింది.